ముప్పదియారవ యేట సైకిలు



నాకిప్పుడు 36 సంవత్సరములు. గత వేసవిలో నేను సైకిలు త్రొక్కుట నేర్చుకొంటిని. ఈ మాట చెప్పినప్పుడు కొందరు నవ్విరి. మరికొందరు "పదేండ్ల పిల్లలు చేసే పనేగా, ఇందులో ఏముంది?" అనిరి. ఇద్దరు ముగ్గురు మాత్రము నలుగురును వెళ్లిపోవువరకు ఆగి, నా చెంతకు వచ్చి, "నిజంగా వచ్చిందా? ఎన్నాళ్లు పట్టింది? దెబ్బలు బాగా తగిలాయా?" అని మెల్లగా అడిగిరి. ఈ వ్యాసము ఆ ఇద్దరు ముగ్గురి కొఱకు వ్రాయుచున్నాను. చిన్ననాడే నేర్చినవారు తామెట్లు నేర్చిరో మఱచిపోయిరి. నేర్వనివారు సిగ్గుచే అడుగజాలరు. ఈ రెండు తెగలకును నడుమ ఇప్పుడే గట్టెక్కినదానను గనుక, నాకు జ్ఞాపకమున్నప్పుడే చెప్పుట మంచిదని తోచినది.

నేను బడికి పోయి చదివినదానను గాను. మా తాతగారు పురాణకాలక్షేపము చేయువారు. అరుగుమీద కూర్చుండబెట్టి నాకు అమరము, ఆంధ్రనామసంగ్రహము, భాగవతము, వసుచరిత్రము ఆయనే చెప్పిరి. పరీక్షలకు మాత్రము ఇంటినుండియే చదివి కట్టితిని. మా యూరి బాలికలు కొందరు ఆ రోజులలోనే సైకిళ్లపై ఉన్నతపాఠశాలకు పోవుచుండిరి. నేను అరుగుమీదనుండి వారిని చూచుచుంటిని. మా అన్నయ్యకు సైకిలు కొన్నప్పుడు, వాడు నేర్చుకొనుచుండగా వెనుక క్యారేజీ పట్టుకొని వీధి పొడవునను పరుగెత్తినదానను నేనే. వానికి వచ్చిన తరువాత "నాకూ నేర్పరా" అని అడిగితిని. నాయనమ్మ లోపలినుండి "నువ్వెక్కడికి పోవాలే?" అనెను. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. నిజమే, నేను పోవలసిన చోటు ఒక్కటియు లేదు. పెండ్లియైన తరువాత గణపవరము వచ్చితిని. మా వారు ఉపాధ్యాయులు. వారికి మోటారుసైకిలు ఉన్నది. వెనుక కూర్చుండుట నేర్చుకొంటిని. అంతటితో నాకును చక్రములకును గల సంబంధము ముగిసినదనుకొంటిని.

నాయనమ్మ ప్రశ్నకు సమాధానము 25 ఏండ్లకు దొరికినది.

మా పుట్టిల్లు ఇక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరమున, కాలువ గట్టు వెంబడి పోగా వచ్చు ఒక చిన్నపల్లె. రెండేండ్ల క్రిందట నాన్నగారు గతించిరి. అమ్మ ఒంటరియైనది. అన్నయ్య హైదరాబాదులో ఉన్నాడు. వాడు తీసికొనిపోగా ఇరువది దినములుండి, "ఆ డబ్బాలో నాకు ఊపిరాడదు" అని తిరిగి వచ్చివేసినది. మా యింటికి రమ్మని మేమిద్దరమును ఎంత బతిమాలినను, "కూతురింట తిని కూర్చోనా? నా తులసికోటకు నీళ్లెవరు పోస్తారు?" అను మాటయే. కావున పది దినముల కొకసారి, ఆదివారమునాడు, మా వారు నన్ను బండిమీద తీసికొనిపోవుచుండిరి. ముందురోజే ఫోను చేసి చెప్పెడివారము. మేము వెళ్లునప్పటికి అమ్మ తలదువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని, పప్పు, కూర, పులుసు, గారెలు సిద్ధము చేసియుంచెడిది. "నాకేం, బాగానే ఉన్నాను" అనెడిది. మేమును బాగుగానే ఉన్నదని నమ్మి వచ్చెడివారము.

గత యేప్రిలులో మా వారు పదవతరగతి పరీక్షపత్రములు దిద్దుటకు ఏలూరు పోయియుండిరి. ఉదయము పదిగంటలకు పాలమ్మాయి ఫోను చేసెను. అమ్మ తెల్లవారుజామున నూతిపళ్లెము దగ్గర జారిపడినదట. తాను పాలకు వచ్చువరకు, అనగా గంటకు పైగా, అట్లే కూర్చుండియున్నదట. నేను తడిచేతులు తుడుచుకొని సెంటరుకు పరుగెత్తితిని. ఆ దారిని బస్సు మానివేసి చాలకాలమైనది. ఆటోవారు బండి నిండినగాని కదలరు. ఎండ ముదిరినందున ఎక్కువారు లేరు. అరగంట నిలుచుంటిని. తరువాత నడచితిని. ఆ నాలుగు కిలోమీటర్లలో నన్ను దాటిపోయిన సైకిళ్లను లెక్కపెట్టితిని. పదునొకండు. అందులో నాలుగింటిమీద ఆడువారే ఉన్నారు. ఒకామె నాకంటె పెద్దది. వెనుక గడ్డిమోపుకూడ కట్టుకొని, నన్ను చూచి నవ్వి, బెల్లు కొట్టి పోయినది.

అమ్మకు మణికట్టు బెణికినది. ఎముక విఱుగలేదు. నన్ను చూడగానే, "ఇంత ఎండలో నడిచొచ్చావా? నీకు చెప్పొద్దన్నానే దానికి!" అని పాలమ్మాయిమీద కోపపడినది. కట్టు కట్టించి, వంటయింటిలోనికి పోయి చూచితిని. నిన్న రాత్రి వండిన అన్నము గిన్నెలో సగమున్నది. కూర లేదు. మాగాయ జాడీమూత తీసియున్నది. రక్తపుపోటు మాత్రలు ఆ నెలవి సగమునకు పైగా అట్లే మిగిలియున్నవి. అప్పుడు నాకు తెలిసినది: ఆదివారపు గారెలు మా కొఱకు. మిగిలిన తొమ్మిది దినములును అమ్మ ఇట్లే తినుచున్నది. చెప్పి వచ్చు చుట్టమునకు ఇల్లు ఎప్పుడును బాగుగనే కనబడును.

ఆ రాత్రి మా వారితో, "నాకు సైకిలు నేర్చుకోవాలని ఉంది" అంటిని. వారు నవ్వలేదు. "స్కూటీ కొందామా?" అనిరి. దానికి డబ్బు కావలెను, పెట్రోలు కావలెను, లైసెన్సు కావలెను. అన్నింటికంటె ముందు నాకు ధైర్యము కావలెను. నాలుగు కిలోమీటర్లకు ఇన్ని యెందుకని అంటిని. "సరే. ముందు సైకిలు వస్తే తక్కినవన్నీ తేలిక" అనిరి. మా అత్తగారు మాత్రము, "మొక్కై వంగనిది మానై వంగుతుందా? పడి చెయ్యో కాలో విరిగితే ఈ ఇంట్లో పొయ్యి వెలిగించేదెవరు?" అనిరి. ఆమె మాటలో తప్పు లేదు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. నేను మంచము పట్టినచో ఇల్లంతయు ఆమెపై పడును. ఆమె భయము నాకర్థమైనది గాని నా భయము అంతకంటె పెద్దదై యుండెను.

మా పండ్రెండేండ్ల కుమారుని సైకిలునకు నడుమ అడ్డకమ్మి ఉన్నది. మా యెదురింటి పిల్ల తొమ్మిదవతరగతి చదువునాడు, ప్రభుత్వమువారు "బడికొస్తా" యను పథకముక్రింద బాలికలకిచ్చిన సైకిలు వారి పశువులపాకలో నాలుగేండ్లుగా పడియున్నది. ఆ పిల్ల ఇప్పుడు పైచదువునకు పట్నము పోయినది. అడుగగా సంతోషముతో ఇచ్చిరి. రెండు టైర్లును నేలకంటుకొని యున్నవి. చైను త్రుప్పుపట్టినది. బెల్లులో సాలీడు గూడు కట్టినది. సెంటరులో సైకిళ్లు బాగుచేయు వృద్ధుడొక డున్నాడు. ట్యూబులు మార్చి, బ్రేకు రబ్బర్లు వేసి, చైనుకు నూనె పట్టించి, "ఎవరికమ్మా, పాపకా?" అని అడిగెను. "నాకే తాతా" అంటిని. అతడు నావంక నొకసారి చూచి, మాటాడక సీటును అడుగంట దించి, "కూర్చోండమ్మా, రెండు కాళ్లూ నేలకి ఆనాయా?" అనెను. ఆనినవి. పిమ్మట పానా తీసికొని రెండు పెడళ్లను విప్పి నా చేతిసంచిలో వేసెను. "వారం రోజులు వీటితో పనిలేదు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోండి. బండి నిలబడ్డం వచ్చాక వీటిని బిగిస్తాను" అనెను.

నేనాశ్చర్యపడితిని. తరువాత మా వారు పుస్తకములు చూచి చెప్పిరి: అసలు మొట్టమొదటి సైకిలే అట్టిదట! 1817వ సంవత్సరమున జర్మనీలోని మన్‌హైమ్ పట్టణమున కార్ల్ డ్రైస్ అనువాడు రెండు చక్రముల కొయ్యబండి చేసి, దానిపై కూర్చుండి నేలను కాళ్లతో తన్నుకొనుచు పోయెను. పెడళ్లు తరువాతి తరమువారు చేర్చిరి. ముందు పెద్దచక్రము, వెనుక చిన్నచక్రముగల ఎత్తుబండ్లు కొంతకాలము నడచినవి. వానినుండి పడినచో తల పగులుటయే. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ అనువాడు ఇంచుమించు సమానములైన రెండు చక్రములతో, వెనుకచక్రమును చైను త్రిప్పునట్లుగా బండి కట్టెను. నేటికిని మనము త్రొక్కునది ఆ రూపమే. 1888లో డన్‌లప్ అనువాడు గాలి నింపిన రబ్బరు టైరు పెట్టుటచే ఎముకలు కదలిపోవు బాధ తగ్గెను. ఈ రెండును కలిసిన తరువాతనే స్త్రీలు ఎక్కువగా సైకిలెక్కిరి. మన సెంటరులోని వృద్ధుడు ఈ చరిత్ర చదువలేదు. అయినను లోకము 70 ఏండ్లు నడచిన త్రోవనే నాచేత వారము దినములలో నడిపించెను.

మే నెలలో బడికి సెలవులు. ఉదయము ఐదుగంటలకు బడి ఆటస్థలమునకు పోయెడివారము. నేను, మా అబ్బాయి, ఆ సైకిలు. మొదటిదినము చీర కట్టుకొని పోయి, కుచ్చిళ్లు సర్దుకొనుటతోనే సరిపోయినది. రెండవదినమునుండి మా ఆడబిడ్డ విడిచిన పంజాబీ దుస్తులు తొడిగికొని, చున్నీని నడుమునకు బిగించి కట్టితిని. మూడు దినములు బాతు నడకయే. నాలుగవదినమున ఒక తన్ను తన్నినచో నాలుగైదు బారలు కాళ్లు పైకెత్తి పోగలిగితిని. ఆ నాలుగైదు బారలలో నా కడుపులో కలిగిన సంతోషము, మా అన్నయ్య సైకిలు వెనుక పరుగెత్తిననాడు వాని ముఖమున చూచితినిగాని నేనెరుగనిది.

నా చదువంతయు చెవితో వచ్చినది. తాతగారు చెప్పెడివారు, నేను వల్లించెడిదానను. ఏ విద్యయైనను అట్లే వచ్చుననుకొంటిని. అందుచే మా అబ్బాయిని, "ఏమి చేస్తే పడకుండా ఉంటుందో సరిగా చెప్పరా" అని పదేపదే అడిగితిని. వాడు తల గోకికొని, "ఏమో అమ్మా, నేనేం చేస్తున్నానో నాకు తెలియదు. క్రింద చూడకు, అంతే!" అనెను. వానిపై విసిగికొంటిని. కాని వాడు చెప్పినది సత్యము. త్రొక్కువాడెవడును తానెట్లు నిలుచుచున్నాడో చెప్పలేడు. చక్రములు తిరుగుచుండుటచే బొంగరమువలె నిలుచునని కొందరు, ముందుచక్రము అమర్చిన తీరుచే నిలుచునని కొందరు నూరేండ్లకు పైగా చెప్పుచువచ్చిరి. 2011లో అమెరికా, నెదర్లాండ్సు దేశముల శాస్త్రజ్ఞులు ఆ రెండు గుణములును లేకుండ ఒక చిన్నబండి కట్టి, అదియు తనంతట నిలిచి పోవునని చూపిరి. అంతటి పండితులే తర్కించుచున్న విషయమును పండ్రెండేండ్ల బిడ్డ నాకు మాటలతో చెప్పవలెననుట నా అవివేకము.

అయినను ఒక్క సూత్రము మాత్రము నాకు నేనే కనుగొంటిని. అది చెప్పుకొన వీలైనది. బండి ఎడమకు ఒరుగుచున్నప్పుడు మన చేయి భయముచే హేండిలును కుడికి లాగును. అట్లు లాగినచో పడుట నిశ్చయము. ఎటు పడబోవుచున్నామో అటే హేండిలును కొంచెము త్రిప్పవలెను. అప్పుడు చక్రములు మన క్రిందికి వచ్చి మనలను ఎత్తి నిలుపును. భయపడినవైపునుండి పాఱిపోవక, ఆ వైపునకే మెల్లగా తిరుగవలెను. ఇది ఒంటికి పట్టుటకు నాకు మూడు పడుటలు పట్టినవి.

వారము తరువాత వృద్ధుడు పెడళ్లు బిగించెను. అబ్బాయి వెనుక క్యారేజీ పట్టుకొని పరుగెత్తుచుండెను. "వదలకురా, వదలకురా" అని నేనరచుచుంటిని. "పట్టుకునే ఉన్నానమ్మా" అని వాడు పలుకుచుండెను. కొంతసేపటికి ఆ పలుకు చాల దూరమునుండి వినబడెను. తిరిగి చూచితిని. వాడు గోలుస్తంభమునొద్ద నిలిచి చేతులూపుచున్నాడు. తిరిగి చూచినంతనే, ఆటస్థలము ప్రక్కనున్న పంటబోదెలో పడితిని. వేసవిగనుక కాలువలు కట్టివేసియుండిరి. బోదెలో నీరులేదు, గట్టిమట్టి ఉన్నది. మోకాలు చీరుకొనిపోయెను. అక్కడ క్రికెట్టు ఆడుచున్న మా వారి శిష్యులు పదిమందియు పరుగెత్తివచ్చి, "మేష్టారిగారి అమ్మగారు పడ్డారు" అని ఊరికెల్ల వినబడునట్లు అరచిరి. ఒకడు నవ్వెను. పెద్దవాడు వానిని గద్దించి, బండిని పైకి తీసి, వంకరపోయిన హేండిలును రెండు మోకాళ్లనడుమ పట్టి సరిచేసి ఇచ్చెను.

కుంటుచు ఇంటికి వచ్చితిని. మా అత్తగారు వీధిగుమ్మములోనే ఉన్నారు. ఇక నేటితో సరి యని తలవంచుకొంటిని. ఆమె ఏమియు అనలేదు. లోనికి పోయి పసుపు నూరి తెచ్చి, తన మోకాళ్లు మడువలేక పీట వేసికొని కూర్చుండి, నా మోకాలికి పట్టువేసిరి. వేసిన తరువాత, "మరి వచ్చిందా?" అనిరి. "ఆటస్థలం సగం దూరం వచ్చిందండి" అంటిని. "అయితే మిగతా సగం రేపు వస్తుందిలే" అనిరి.

ఈ వయస్సున నేర్చుకొనుట నాకే తటస్థించినదని మొదట అనుకొంటిని. విచారింపగా నాకంటె పెద్దవారు, ధీరలు, లోకమున చాలమంది ఉన్నారు. అమెరికాలో స్త్రీల యున్నతికై పాటుపడిన ఫ్రాన్సెస్ విల్లర్డ్ అను నామె తన 53వ యేట సైకిలు నేర్చుకొని, ఆ నేర్చుకొన్న విధమునే 1895లో ఒక చిన్నపుస్తకముగా వ్రాసెను. ఆ కాలముననే ఆనీ లండన్‌డెరీ అను పేర ప్రసిద్ధికెక్కిన బోస్టను నగరపు గృహిణి, ముగ్గురు బిడ్డల తల్లి, సైకిలు త్రొక్కుట నేర్చిన కొద్దిదినములకే 1894 జూనులో భూప్రదక్షిణమునకు బయలుదేఱెను. ఓడలపై కొంత, సైకిలుపై కొంత పోయి, 1895 సెప్టెంబరులో చికాగో చేరెను. ఆమెయు మొదట పొడుగు పావడాతో బయలుదేఱి, నడుమ దానిని విడిచి వీలైన దుస్తులు ధరించెను. చీర కుచ్చిళ్లతో నేను పడిన పాట్లు ఆమెయు పడినదని చదివినప్పుడు చుట్టమును చూచినట్లయ్యెను.

అంత దూరము పోనేల? మన పొరుగున తమిళనాటి పుదుక్కోట్ట జిల్లాలో 1991వ సంవత్సరమున అక్షరాస్యతా ఉద్యమము నడచినది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ గారు చదువుతోపాటు సైకిలునుకూడ స్త్రీలకు నేర్పించిరి. పొలముపనులవారు, రాళ్లుకొట్టువారు, దాదులు, అంగన్‌వాడీ పనివారు నేర్చుకొనిరి. పదునెనిమిది నెలలలో లక్షమందికి పైగా సైకిలు పట్టిరని, ఆ యుద్యమమును స్వయముగా చూచివచ్చిన పాత్రికేయుడు, మన వి. వి. గిరిగారి మనుమడు, పి. సాయినాథ్ గారు వ్రాసిరి. ఆడువారి సైకిళ్లు అంగళ్లలో అయిపోగా వారు మగవారి సైకిళ్లపైననే నేర్చిరట. అడ్డకమ్మి ఉన్నందున బిడ్డను కూర్చుండబెట్టుకొనుటకు అదియే మేలని మెచ్చిరట. దారిలో కూతలు కూసినవారును లేకపోలేదు. కాని కుండెడు నీళ్లు తెచ్చుకొనుటకు, సరకు అమ్ముకొనుటకు, బిడ్డను బడికి దింపుటకు ఒకరిని యాచింపనక్కరలేనప్పుడు కూతలెంతసేపు వినబడును? బీహారులోను 2006వ సంవత్సరమున తొమ్మిదవతరగతి బాలికలకు సైకిళ్లిచ్చు పథకము పెట్టిరి. బడి దూరమగుటచే చదువు మానువారికి అది గొప్ప ఆధారమైనది. నేనెక్కిన బండియు అట్టి తలంపునుండి పుట్టినదే.

మన పురాణములలోను స్త్రీకి రథము క్రొత్తగాదు. దశరథునితో యుద్ధభూమికి పోయి ఆయన ప్రాణము కాపాడిన కైకను ఎఱుగని యిల్లాలున్నదా? భాగవతమున సత్యభామ నరకాసురునిపై విల్లు ఎత్తిన ఘట్టమును తాతగారు నాచేత ఎన్నిమార్లు చదివించిరో! చదివించిన ఆయనకును, చదివిన నాకును, అది వినుచు వత్తులు చేసికొను నాయనమ్మకును, నేను వీధిలో సైకిలు త్రొక్కవచ్చునను ఊహ మాత్రము రాలేదు. గ్రంథమున మెచ్చుకొన్నదానిని వాకిట ఒప్పుకొనుటకు ఒక్కొక్కప్పుడు ఒక జన్మ పట్టును.

జూను మొదటివారమున, కాలువలకు నీరు వదలిన తరువాత, ఒకనాటి ఉదయము ఆరుగంటలకు పుట్టింటికి బయలుదేఱితిని. ఫోను చేయలేదు. అబ్బాయి తన సైకిలుపై వెనుక వచ్చెను. గట్టుమీద ఎఱ్ఱనీరు కొత్తగా పరుగెత్తుచున్నది. దుక్కిదున్నిన చేలలో కొంగలు దిగియున్నవి. ఎదురుగా కొల్లేటివైపు చెరువులనుండి చేపలు నింపికొని లారీ ఒకటి నీళ్లు కార్చుకొనుచు వచ్చెను. దిగి ప్రక్కకు నిలిచితిని. గేదెలమంద వచ్చెను. మరల దిగితిని. వంతెన యెక్కుడు త్రొక్కలేక నడిపించుకొని పోతిని. నాలుగు కిలోమీటర్లకు అయిదుమార్లు దిగితిని. అయినను నడచిననాడు యాబది నిమిషములు పట్టిన దారి ముప్పది నిమిషములలో గడచినది.

అమ్మ వాకిట ముగ్గు పెట్టుచుండెను. తలయెత్తి నన్ను చూచి, ముగ్గుచిప్ప క్రిందపెట్టి, "నీకేమైనా మతి పోయిందే? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? మీ అత్తగారు ఊరుకున్నారా?" అని ఒక్క గుక్కలో అడిగినది. "ఆవిడే పసుపు పట్టు వేశారమ్మా" అని మోకాలు చూపితిని. అమ్మ మచ్చను వ్రేలితో తాకి మరేమియు అనలేదు. నేను నేరుగా వంటయింటిలోనికి పోయితిని. గిన్నెలో ముందటిదినపు అన్నము. ఆ పూట నేనే కూర వండి, మాత్ర వేయించి, తిన్నదాక కూర్చుండి వచ్చితిని. మఱునాడును పోయితిని.

ఆ తరువాత ఆదివారములు తప్ప మిగిలిన దినములన్నియు పోవుచున్నాను. వాన గట్టిగా ఉన్ననాడు మానుదును. మాత్రలు ఇప్పుడు మిగులుట లేదు. రెండు నెలలకు రక్తపుపోటు చూపించగా అదుపునకు వచ్చినదని వైద్యులు చెప్పిరి. అన్నిటికంటె ముఖ్యము, అమ్మ నాకొఱకు వండుట మానినది. నేను చుట్టమును గాను. కొన్నిదినములు గిన్నెలో కూర ఉండును, కొన్నిదినములు ఉండదు. లేనినాడు దాచుటలేదు. "ఇవాళ ఓపిక లేదే" అని చెప్పుచున్నది. ఆ మాట వినుటకు నాకు 36 ఏండ్లును, ఒక సైకిలును పట్టినవి.

నేర్చుకొనదలచిన సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పి ముగించెదను. సీటును మొదట దించుకొనుడు. రెండు పాదములును నేలకానినచో సగము భయము తీరును. పెడళ్లు విప్పించి వారము దినములు నేలను తన్నుకొనుచు పొండు. వెనుక ఒకరు పట్టుకొని పరుగెత్తుటకంటె ఇదియే మేలు. చూపు పది బారల దూరమున నుంచుడు, చక్రమును చూడవలదు. బ్రేకు వేయుట త్రొక్కుటకంటె ముందు నేర్చుకొనుడు. ముందుబ్రేకును ఒక్కటిగా గట్టిగా నొక్కరాదు. చైనుకు కవరు ఉన్న బండినే తీసికొనుడు, చీరయైనను చున్నీయైనను చక్రమున చిక్కినచో ప్రమాదము. ఎముకల నొప్పులు, కండ్లు తిరుగుట ఉన్నవారు వైద్యుని అడిగి దిగుడు. రద్దీచోట దిగి నడిపించుకొనిపోవుటకు సిగ్గుపడకుడు. నేను ఇప్పటికిని సెంటరులో కుడివైపు తిరుగవలసివచ్చినచో దిగియే రోడ్డు దాటుచున్నాను. దిగుటయు ఆ విద్యలోని భాగమే.

నిన్నటి ఉదయము బయలుదేఱుచుండగా మా అత్తగారు పిలిచి, "అమ్మాయ్, వచ్చేటప్పుడు తమలపాకులు పట్రా. మీ అమ్మగారికి ఆవకాయ గిన్నె పెట్టాను, సంచీ పడెయ్యకు" అనిరి. అక్కడ అమ్మ వాకిట లేదు. ముగ్గు పెట్టి లోనికి పోయినది. బెల్లు కొట్టితిని. లోపలినుండి, "వస్తున్నానే! ఇవాళ ఐదు నిమిషాలు ఆలస్యమైంది నీకు" అని వినబడెను.

సెలవు.